హుషారు: గోల్కొండ నుంచి జంషెడ్‌పూర్ దాకా

ఫారసీలో 'హోష్' అంటే స్పృహ, తెలివి. అది ఉన్నవాడు 'హోషియార్'. పారశీక కవులు తాగి తూలేవాడికి ఎదురుగా నిలబెట్టింది ఈ మనిషినే. మన దగ్గరేమో రెండు పెగ్గులు పడ్డాకే హుషారెక్కుతుంది! ఒక మాట ఇంతగా తలకిందులవడం అరుదు.

1518 నుంచి 1687 దాకా గోల్కొండ కుతుబ్‌షాహీలది; ఆ తర్వాత మొఘలుల, ఆపై నిజాముల ఏలుబడి. దస్తావేజులు, సిపాయిల వెంట ఇలాంటి మాటలెన్నో ఊళ్లలోకి దిగాయి. శ్రీకాకుళం అప్పట్లో చికాకోల్ సర్కారుకు కేంద్రం కనుక ఉత్తరాంధ్రకూ దివాణం భాష కొత్త కాదు. పొరుగువాళ్లు పాత అర్థాన్ని గట్టిగానే పట్టుకున్నారు. తమిళుల 'ఉషార్' జాగ్రత్త, మరాఠీల 'హుషార్' తెలివైనవాడు. తెలంగాణలో నేటికీ "పోరడు హుషారున్నడు" అంటే బుర్ర చురుకనే. కోస్తాలో మాత్రం మాట సరదాలోకి దిగింది. దారి చూపింది జబ్బేనని నా ఊహ. కన్నడిగులు కోలుకున్నవాణ్ణి హుషారయ్యాడంటారు. మనమూ "జ్వరం దిగింది, పిల్లాడు కాస్త హుషారుగా ఉన్నాడు" అంటాం. అక్కణ్నుంచి హుషారైన పాటకు, హుషారైన మనిషికి ఎంతో దూరం లేదు. 2018లో ఆ పేరుతో సినిమాయే వచ్చింది.

ఈ సరదా హుషారు ఉత్తరాంధ్ర వలసలతో ఊరు కూడా దాటింది. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టింది. 1912లో సాక్చీలో ఉక్కు తయారీ మొదలైంది. 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు జనం బతుకుతెరువుకు రైలెక్కారు. కద్మాలో తెలుగు ఇళ్లు, బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామమందిరం వెలిశాయి. అక్కడ మన హుషారుకు తన పుట్టింటి అర్థం మళ్లీ ఎదురైంది. చుట్టూ హిందీ, బెంగాలీ, ఒడియా. కాగే ఉక్కు దగ్గర 'హోషియార్' అంటే ఒళ్లు దగ్గర పెట్టుకోమని. షిఫ్టు దిగి ఇల్లు చేరితే హుషారంటే కబుర్లు, పేకాట, పండగ సందడి. పక్కింటావిడ "ఆప్‌కా బేటా బడా హోషియార్ హై" అని మెచ్చుకుంటే, ఊరి నుంచి కొత్తగా వచ్చిన మామ్మ "అవునమ్మా, ఒక్కచోట కుదురుగా ఉండడు" అని నొచ్చుకోవచ్చు.

అక్కడే పుట్టి, హిందీలో చదువుకున్న మనవలకు ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. "హుషారుగా ఆడుకోరా" అని మామ్మ అంటే, జాగ్రత్త చెబుతోందనుకుని పరుగు తగ్గిస్తారు.