నర్సమ్మ పేరులోని మంత్రసాని

బుధవారం, శనివారం ఆంధ్ర పల్లెల్లో టీకాల రోజులు. సత్యవేడు చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజుల్లో నర్సమ్మ అడిగే ప్రశ్నలకు కొందరు తల్లులు తెలుగులో, కొందరు తమిళంలో, చాలామంది రెండూ కలిపి జవాబు చెబుతారు. ఆమె ఉద్యోగం పేరు ఏఎన్ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. ఆ చివరి మాటకు మన పాత తెలుగు మంత్రసాని. ఆమెనెవరూ అలా పిలవరు, పిలిస్తే మొహం చిట్లించుకున్నా తప్పులేదు. అయితే పురుడు పోయడానికే పుట్టిన ఆ ఉద్యోగంలోంచి పురుడే జారిపోయింది. ఆ కథ కోసం సత్యవేడు ఆంధ్రలో కలవక ముందుకు వెళ్లాలి.

ఈ ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాది. రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు మేరకు తిరుత్తణి అటు పోయింది, తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల్లోని తెలుగు ఊళ్లు ఇటు వచ్చి సత్యవేడు తాలూకా అయ్యాయి. కాబట్టి ఇక్కడి కాన్పుల చరిత్రకు మొదటి అధ్యాయం మద్రాసులోనే ఉంది. 1844లో అక్కడ ప్రసూతి ఆసుపత్రి వెలిసింది. ఎగ్మూరు ఆసుపత్రిగా మనవాళ్లెరిగింది దాన్నే. 1854లో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే బడికి సర్కారు అనుమతి ఇచ్చింది. దేశంలో నర్సింగ్ చదువు ఇలా రోగి మంచం దగ్గర కంటే ముందు పురిటి మంచం దగ్గర మొదలైందనుకోవచ్చు.

మద్రాసులో బడి పెట్టినంత మాత్రాన పల్లెలో పురిటి గది తలుపు తెరుచుకోలేదు. అక్కడ పెత్తనం ఊరి మంత్రసానిది. చాలా ఊళ్లలో మంగలి కుటుంబాల ఆడవాళ్లే ఈ పని చేసేవారు. తమిళం మాట్లాడే ఇళ్లలో ఆమె మరుత్తువచ్చి. బిడ్డ అడ్డం తిరిగిందో లేదో ఆమె చెయ్యి చెప్పేది. నొప్పుల మధ్య విరామాన్ని బట్టి ఇంకెంతసేపో అంచనా వేసేది. బాలింతకు నీళ్లు పోసేది, కాయం ఎప్పుడు పెట్టాలో చెప్పేది. ప్రతిఫలం నాలుగు మానికల ధాన్యం, ఒక చీర, అదీ ఇచ్చేవాళ్లు ఇస్తే. ఆమె నేర్పును తక్కువ చేయలేం, కానీ ఆమె చేతిలోని కొడవలినీ బొడ్డు మీద అద్దే బూడిదనూ వెనకేసుకురాలేం. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి బతుకుతుంది. శుభ్రం లేని కోతలోంచి అది లోపలికి పోతే, రెండు మూడు రోజులు చక్కగా పాలు తాగిన బిడ్డ ఉన్నట్టుండి చన్ను పట్టదు, దవడ బిగుస్తుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. ఏదో గాలి సోకిందనుకునేవారు.

డాక్టర్లు లేరా అంటే, ఉన్నారు, మగవాళ్లు. ఇక్కడ వేలూరు కథ చెప్పుకోవాలి. సత్యవేడు తర్వాత వచ్చి కలిసిన చిత్తూరు, 1911లో వేరు జిల్లా అయ్యేదాకా ఉత్తర ఆర్కాటులో భాగం, వేలూరుతో దానిది ఇంటిపొత్తు. తిండివనంలో మిషనరీ డాక్టరు కూతురు ఐడా స్కడర్ దగ్గరికి ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చారు, భార్యకు కాన్పు కష్టమైందని. ఆమె అప్పటికి డాక్టరు కాదు. మా నాన్న వస్తారంటే ముగ్గురూ ఒప్పుకోలేదు, పరాయి మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఐడా అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1900లో తిరిగొచ్చి వేలూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టారు. 1909లో నర్సుల బడి పెట్టారు, మెడికల్ స్కూలు కంటే తొమ్మిదేళ్ల ముందు. ఆ వరస నాకెంతో నచ్చుతుంది.

చట్టం నెమ్మదిగా వెనకాల వచ్చింది. మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం 1926 నాటిది, అంటే ఎవరు శిక్షణ పొందినవారో, ఎవరు కాదో పుస్తకంలో రాయడం మొదలైంది. స్వాతంత్ర్యం నాటికి నర్సులు కొద్దిమంది, పల్లెలు లక్షలు. పూర్తి నర్సు చదువు అందరికీ అయ్యేపని కాదు గనక రెండేళ్ల పొట్టి చదువొకటి తయారైంది. 1951లో పంజాబులోని తరన్ తారన్‌లో ఒక మిషన్ ఆసుపత్రిలో ఏఎన్ఎం కోర్సు తొలిసారి నడిచింది. నేర్పినది ముఖ్యంగా కాన్పులు చేయడం, తల్లీబిడ్డల్ని చూసుకోవడం.

సత్యవేడు ఆంధ్రలోకి వచ్చిన 1960లోనే తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైంది. కష్టమైన కాన్పుకు ఇక మద్రాసే కాదు, తిరుపతి కూడా దిక్కయింది. ఇప్పటికీ ఇక్కడివాళ్లు బిడ్డ పరిస్థితిని బట్టి, బంధువుల్ని బట్టి, అందిన బండిని బట్టి ఏదో ఒక వైపు తిరుగుతారు.

నర్సమ్మ పని దారి మళ్లింది డెబ్బైల్లో. 1973లో కర్తార్ సింగ్ కమిటీ, ప్రతి జబ్బుకీ ఒక ఉద్యోగి ఎందుకు, అన్నీ చేసేవారిని పెడదామంది. ఏఎన్ఎం ఆరోగ్య కార్యకర్త అయింది. 1977లో చదువు పద్దెనిమిది నెలలకు తగ్గింది. మలేరియా, టీకాలు, రిజిస్టర్లు అన్నీ ఆమె నెత్తినే. అన్నిటికంటే బరువు కుటుంబ నియంత్రణ. నెలకిన్ని ఆపరేషన్ కేసులు తేవాలని పైనుంచి లెక్క. ఆమె వస్తుంటే ఇంటి కోడలు పెరట్లోకి జారుకునేదంటే ఆ తప్పు నర్సమ్మది కాదు. ఆ లక్ష్యాల పద్ధతిని కేంద్రం ఎత్తేసింది 1996లో. అప్పటికి ఒక తరం నర్సమ్మలు కాన్పు చేసే చేతినేర్పు పోగొట్టుకున్నారు. ఏడాదికి రెండు మూడు పురుళ్లు పోస్తే ఆ నేర్పు నిలవదు మరి.

అలాగని నర్సమ్మ మోసిన మందుల సంచి వృథా పోలేదు. అందులోని ధనుర్వాతం సూదే పసిబిడ్డల ఉసురు కాపాడింది. గర్భిణికి వేస్తే ఆమె రక్తంలో పుట్టిన రక్షణ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. దానికి తోడు శుభ్రమైన చేతులు, పక్క, బ్లేడు, దారం, ఇంకా ఏమీ పూయని బొడ్డు. పాత మంత్రసానులకు కూర్చోబెట్టి నేర్పిందీ ఇదే. 2003లో, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పురిటి ధనుర్వాతాన్ని నిర్మూలించిందని తేల్చారు. దేశం మొత్తానికి ఆ మాట 2015లో వచ్చింది. ఇంత పెద్ద విషయానికి మన దగ్గర ఒక్క ఊరేగింపూ జరిగినట్టు గుర్తులేదు!

2005 తర్వాత కాన్పు ఇంటినుంచి దాదాపు పూర్తిగా బయటికొచ్చింది. జననీ సురక్ష యోజన, ఆశ కార్యకర్తలు, ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రలో మొదలైన 108 అంబులెన్స్, అన్నీ ఆ ఏడాదివే. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి రాష్ట్రపు కాన్పుల్లో మూడో వంతే ఆసుపత్రుల్లో. 2019-20 నాటికి ఇప్పటి ఆంధ్రలో నూటికి 96. అదే సర్వేలో నూటికి 42 సిజేరియన్లు, పక్కనున్న తెలంగాణలోనైతే 60. కోతలు ఇంత పెరిగాక మంత్రసాని మళ్లీ గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లో మిడ్‌వైఫరీ చదువు పెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం స్టాఫ్ నర్సులకు ఆ శిక్షణ మొదలుపెట్టింది. తొందరపెట్టకుండా, పక్కనే ఉండి, సహజ కాన్పు కోసం కాచుకోవడం అందులో మొదటి పాఠం. ఊరి మంత్రసానికి ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య అది.

మన నర్సమ్మ మాత్రం కాన్పు ముందూ తర్వాతా ఉంటుంది. బీపీ చూస్తుంది, ఐరన్ మాత్రలు నూట ఎనభై ఇస్తుంది, ముర్రుపాలు పారబోయొద్దని అవ్వతో వాదిస్తుంది. 2016లో చేతికొచ్చిన టాబ్లెట్‌లో, అన్‌మోల్ యాప్‌లో, అన్నీ ఎక్కిస్తుంది. సిగ్నల్ లేకపోతే రాత్రి ఇంటికెళ్లాక.

ఇక పురుడు? ఎక్కువగా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్తుంది. ఒక్కోసారి ఆసుపత్రి చేరకముందే నొప్పులు ముదురుతాయి. 108 డ్రైవరు బండిని రోడ్డు వారకు ఆపుతాడు. వెనక చేతొడుగులు తొడుక్కుని, బిడ్డను పట్టి, బొడ్డుకు క్లిప్పు పెట్టే టెక్నీషియన్ చాలాసార్లు పాతికేళ్ల కుర్రాడు. పరాయి మగవాడని బయట నిలబడ్డ భర్త అనడు. టార్చి పట్టుకుని వెలుగు చూపిస్తాడు.