మెరుపు కింద ఒండ్రు



వరి, మినుము, ఎరువుల సంగతులు రాసుకునే పేజీలో ఈ కార్ల గోలేంటని అడిగేవాళ్ళు అడుగుతారు. కారణం ఉంది, చివర్లో చెబుతాను. ముందు ఒక ప్రశ్న. బెజవాడలో బెంజి సర్కిల్‌కి ఆ పేరెలా వచ్చింది?

బెంజి కార్లు ఎక్కువ తిరుగుతాయి కాబట్టి అని ఇప్పటి కుర్రాళ్ళు అనుకుంటారు. మన నాన్నల, తాతల కాలంలో బెంజి అంటే కారు కాదు, లారీ. 1954లో టాటాలు జర్మనీ డైమ్లర్-బెంజ్ కంపెనీతో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఆ ఒప్పందం పదిహేనేళ్ళు నడిచింది. 1969 దాకా మన ధాన్యం బస్తాలు మోసిన లారీల ముక్కు మీద ఆ మూడు కోణాల నక్షత్రమే ఉండేది. ఆ కూడలి దగ్గర బెంజి కంపెనీ ఉండేదని, దాని పేరే సెంటర్‌కి నిలిచిపోయిందని పెద్దవాళ్ళు చెబుతారు. ఊళ్ళో చెదిరి ఉన్న షెడ్లకి ఒక చోటంటూ 1960ల్లో జవహర్ ఆటోనగర్ వచ్చింది. లారీ బాడీ కట్టేవాళ్ళు, టింకరింగ్ మేస్త్రులు, సీట్లు కుట్టేవాళ్ళు, పెయింటర్లు, అందరూ అక్కడే. ఈరోజు పాత బెంజి కారుకి కొత్త మెరుపు తెప్పించాలన్నా మనం పోయేది ఆ లారీల కోసం పుట్టిన పేటకో, అక్కడ పని నేర్చుకుని బయట ఏసీ షాపు పెట్టుకున్నవాళ్ళ దగ్గరికో.

ఈ మెరుపుకి పెద్ద చరిత్రే ఉంది. అందులో రైతు సరుకు కూడా చాలానే ఉంది.

మొదటి కార్లకి వేసింది గుర్రబ్బండి రంగు. అవిసె నూనెతో చేసిన వార్నిష్, బ్రష్షుతో పూత మీద పూత. ఒక్కో పూత ఆరడానికి రోజులు. ఆరాక మెత్తటి రాతి పొడి, నీళ్ళు పెట్టి రుద్దడం, మళ్ళీ పూత. ఒక కారు రంగు పూర్తవడానికి వారాలు పట్టేది. మన తెలుగు నేల మీద ఆ కాలపు కారు చూడాలంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, వెనక సింహాసనంలాంటి సీటు. ఆర్డరు ఇచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కారు చేతికి రాకముందే, 1911లో చనిపోయాడు. తర్వాత ఆయన కొడుకు పండగలకీ పబ్బాలకీ వాడాడు. అది మొత్తం తిరిగింది 400 మైళ్ళు కూడా లేదు. రోడ్డు మీద తిరిగిన గంటలకన్నా నౌకర్లు తుడిచిన గంటలే ఎక్కువ అయ్యుంటాయని నా అనుమానం.

వార్నిష్‌తో కంపెనీలకి వచ్చిన తంటా ఏంటంటే, కారు గంటల్లో తయారవుతోంది, రంగు మాత్రం ఆరడం లేదు. దానికి మందు దొరికింది ఎక్కడో కాదు, పత్తిలో. పత్తిని నైట్రిక్ ఆమ్లంతో కలిపితే నైట్రోసెల్యులోజ్ వస్తుంది. ఒక మోతాదులో అది తుపాకి మందు, ఇంకో మోతాదులో పాత సినిమా రీలు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ మందు తయారుచేసే డ్యూపాంట్ లాంటి కంపెనీలు దానికి కొత్త వాడకం వెతుక్కున్నాయి. ద్రావకంలో కరిగించి గన్నుతో కొడితే నిమిషాల్లో ఆరిపోయే రంగు తయారైంది. దాని పేరు డ్యూకో. జనరల్ మోటార్స్ వాళ్ళు 1923లో ఓక్‌లాండ్ అనే కారుకి నీలం రంగులో వేసి చూపించారు. వారాల పని రోజుల్లోకి వచ్చింది. మన దగ్గర ఇప్పటికీ బీరువాకి, మంచానికి 'డ్యూకో కొట్టించాం' అంటాం చూడండి, అది ఒక కంపెనీ సరుకు పేరని చాలామందికి తెలీదు. గుంటూరు పత్తి రైతులు గర్వపడొచ్చు.

చేపల రైతులు కూడా. అప్పట్లో ఖరీదైన కార్ల రంగులో ముత్యం లాంటి మెరుపు కోసం చేప పొలుసుల నుంచి తీసిన పదార్థం కలిపేవారు. ఇక పైన పూసే మైనంలో పేరున్నది కార్నోబా. అది బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో పెరిగే, మన తాటిచెట్టుకి చుట్టంలాంటి చెట్టు ఆకు మీద దొరుకుతుంది. ఎండకి నీళ్ళు ఆవిరి కాకుండా ఆకు తన మీద తాను కప్పుకున్న మైనం అది. కోసి, ఎండబెట్టి, దులిపి తీస్తారు. ఇంగ్లీషులో లాకర్ అనే మాట కూడా మన లక్కదే, లక్క పురుగు ఇచ్చేదే.

డ్యూకోకి ఒక గుణం ఉంది. ఆరాక మెరవదు. రుద్దితేనే మెరుస్తుంది. పాలిష్ మేస్త్రి అనే వృత్తి బలపడింది అక్కడే. తర్వాత వచ్చిన ఎనామిల్ దానంతట అదే మెరిసేది. మన తెల్ల అంబాసిడర్ గుర్తుందా? ఎనామిల్ మన ఎండకి నాలుగైదేళ్ళలో సున్నం కొట్టినట్టు అయ్యేది. చెయ్యి వేస్తే తెల్ల పొడి అంటేది. అప్పుడు రబ్బింగ్ పాలిష్ డబ్బా తెచ్చి, పాత పంచె ముక్కతో రుద్దితే చచ్చిన రంగు పొర ఊడి, కింద బతికున్న రంగు బయటపడేది. గుడ్డకి కారు రంగు అంటుకునేది. దసరాకి మా వీధిలో ఒకాయన ప్రతి ఏడూ ఈ పని చేసేవాడు. కారు బాగా కనపడాలని ఎంత రుద్దాడంటే, చివరికి బానెట్ అంచుల దగ్గర ఎర్ర ప్రైమర్ తేలింది.

ఇక్కడే అసలు విషయం. పాలిష్ అంటే పెట్టడం కాదు, తీయడం. గీత పోయిందంటే గీత నిండలేదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న రంగు అరిగింది. పొలం చదును చేస్తామని పైమట్టి గీకేస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

పాత కారుకి రంగు మందంగా ఉండేది, మొత్తం ఒకటే రంగు, గీకినా కొంతకాలం ఓర్చుకునేది. ఇప్పటి కార్లు అలా కావు. రేకు మీద ప్రైమర్, దాని మీద పల్చటి రంగు, ఆ పైన రంగులేని క్లియర్ కోటు. మన దేశంలో 1990ల్లో విదేశీ కంపెనీలు వచ్చాక ఈ పద్ధతి బాగా పెరిగింది. బెంజి కార్లు పుణెలో బిగించడం 1995లో మొదలైంది. ఈ పొరలన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో మెరిసే క్లియర్ కోటు 35 నుంచి 50. మన తల వెంట్రుక మందం 70 దాకా ఉంటుంది. అంటే మీరు లక్షలు పోసి కొనే మెరుపంతా వెంట్రుకలో సగం మందం. మిషన్ పెట్టి గట్టిగా కోస్తే ఒక్కసారికే కొన్ని మైక్రాన్లు పోతాయి. ఎండని ఆపే మందు కూడా ఆ పొరలోనే ఉంటుంది. అది పల్చబడ్డ బండి పైకప్పు రెండు మూడు వేసవులకి పాము కుబుసంలా లేస్తుంది. దానికి పాలిష్ లేదు, మళ్ళీ రంగే.

అసలు ఆ గీతలు ఎలా పడతాయి? ఎక్కువగా మన చేత్తోనే. లారీ దుమ్ము, ఊక ధూళి, ఇబ్రహీంపట్నం వైపు ఉండేవాళ్ళకి థర్మల్ బూడిద. ఆ బూడిదలో ఉండేది గాజులాంటి సిలికా. పొద్దున్నే పొడి గుడ్డతో తుడిచారంటే వాటర్ పేపర్‌తో రుద్దినట్టే. ఎండలో నిలబెడితే సాలెగూడులా గుండ్రటి గీతలు కనపడేది అందుకే. ముందు ధారగా నీళ్ళు కొట్టి, తర్వాతే గుడ్డ పెట్టండి. బోరు నీళ్ళు పైన ఆరనిస్తే ఉప్పు మరకలు.

సిరామిక్ కోటింగ్ గురించి చాలామంది మెసేజ్‌లో అడిగారు. అది సిలికా ఆధారంగా చేసిన పల్చటి పూత. నీళ్ళు నిలవనీయదు, కడగడం తేలిక. రాయి తగిలితే ఆపదు. వేసేముందు పాలిష్ చేస్తారు చూడండి, అరిగేది అక్కడ.

పెయింట్ బూత్ లోపలి మనుషుల గురించి ఒక్క మాట. కొత్త క్లియర్ కోటులో కలిపే హార్డెనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఉబ్బసం తెప్పిస్తాయి. ముఖానికి కర్చీఫ్ కట్టుకుని కొట్టే కుర్రాళ్ళని నేను చూశాను. పురుగుమందు కొట్టేటప్పుడు మనం చేసే తప్పే అది. ఆ కర్చీఫ్ దేన్నీ ఆపదు.

ఇక నేను ఇదంతా రాయడానికి కారణం.

2024 సెప్టెంబరు మొదటి వారం మనకి మర్చిపోయేది కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారింది. 2009లో వచ్చిన 11.10 లక్షలు దాటిపోయింది. అయితే సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. రోజుల తరబడి సెల్లార్లలో, వీధుల్లో కార్లు స్టీరింగు పైదాకా నీళ్ళలో నానాయి. ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బు కట్టేసిన కారు మాయమైపోదు. అది వేలంలో ఎవరో కొనుక్కుంటారు, ఎక్కడికో పోతుంది, బాగుచేసుకుని మళ్ళీ అమ్మకానికి వస్తుంది.

2025 వేసవిలో మా బావమరిది రెండు పంటల రొయ్యల డబ్బు పెట్టి ఒక నల్ల జర్మన్ కారు తెచ్చాడు. ఎవరి దగ్గర కొన్నాడో ఇక్కడ రాయను. చూస్తే అద్దం. బానెట్ మీద మా వేపచెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు. లోపల తోలు సీట్లకి నూనె రాసినట్టు నిగారింపు, ఘాటైన సెంటు వాసన. రంగు మందం కొలిచే మీటరు ఉన్న కుర్రాడు ఒకడు మా ఊరొస్తే పెట్టి చూశాం. అన్నిచోట్లా 110, 120. ఎక్కడా లప్పం లేదు, యాక్సిడెంట్ కాలేదు. బావమరిది మీసం మెలేశాడు.

పది రోజులు ఎండలో నిలబెట్టేసరికి సెంటు పోయింది, ముక్క వాసన మొదలైంది. తడిసిన ధాన్యం బస్తా మూతి విప్పితే వస్తుందే, అచ్చం ఆ వాసన. నేను వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. చివరి జానెడు మీద బూడిద రంగు గీత, అడ్డంగా. ముందు సీటు కింద పట్టాలు తుప్పు. కార్పెట్ అంచు లేపి వేలు పెట్టాను. వేలికి అంటింది మెత్తటి, జారే ఒండ్రు. నలభై ఏళ్ళు మడిలో దిగినవాణ్ణి, మీటరు అక్కర్లేదు నాకు.

'బావా, ఇదేంటి?' అన్నాడు వాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పాలిష్ చేసిన కుర్రాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకి చెప్పిన పని వాళ్ళు చేశారు, బాగా చేశారు. పై రేకు నీళ్ళలో నానినా రంగుకి పెద్దగా ఏమీ కాదు, నాలుగు గంటల మిషన్ పనితో మళ్ళీ షోరూము మెరుపు వస్తుంది. నీళ్ళు చెడగొట్టేది లోపల. ఈ ఖరీదైన కార్లలో కార్పెట్ కింద మందపాటి నురుగు దుప్పటి ఉంటుంది, నెలలైనా తడి వదలదు. చాలావాటికి ఎలక్ట్రానిక్ పెట్టెలు, వైర్ల జాయింట్లు సీటు కిందో, డిక్కీ అడుగునో ఉంటాయి. అవి ఒక్క రోజులో పోవు. రాగి మెల్లగా పచ్చబారుతుంది, ఒక నెల కిటికీ ఆగిపోతుంది, ఇంకో నెల ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. ఆ బ్యాగు అవసరమైన రోజు తెరుచుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. మా చెల్లెలు, పిల్లలు కూర్చునే కారు అది.

కొనేముందు మీరు చెయ్యాల్సింది చెబుతాను. బెల్టులన్నీ చివరిదాకా లాగండి. స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టండి. సీటు కింద బోల్టులు, హెడ్‌లైటు లోపలి చెమ్మ చూడండి. అద్దాలు మూసి, ఏసీ ఆపి, ఎండలో గంట పెట్టి తలుపు తీసి వాసన పీల్చండి. ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర అడగండి. బానెట్ చివర్లో చూసుకోవచ్చు.

అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు. ఆటోనగర్ నుంచి సీట్ల మేస్త్రిని పిలిపించాం. ఆయన సీట్లు నాలుగూ విప్పి, కార్పెట్ ఒక్క ముక్కగా పైకి లాగాడు. కింద రేకు మీద కాలవ గట్టులా ఎండి పగిలిన మట్టి, అందులో ఒక చిన్న నత్తగుల్ల. గోకుడుపార తెచ్చి తీశాం. బకెట్టు పైన వచ్చింది. ఇప్పుడు మా కళ్ళంలో, ధాన్యం ఆరబోసే పట్టా మీద, ఆ కార్పెట్, నురుగు దుప్పట్లు ఆరుతున్నాయి. మేస్త్రి ఇంకో వారం అన్నాడు. వైర్ల సంగతి ఆ తర్వాత చూస్తాడట.