గండిపేట మట్టము - స్టూడియో ముల్లు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తెను. ఆ విపత్తు పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరును, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్ సాగరును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియయ్యెను. చేవెళ్ల బాటన మొయినాబాదునకు పోవువారికి ఈ రెండు జలాశయములును ఇరుగుపొరుగులే. ఉస్మాన్ సాగరు నిండు మట్టము 1790 అడుగులందురు. అది నీటి లోతు కాదు. సముద్రమట్టము నుండి లెక్కించిన ఎత్తు. సున్న యెక్కడ నిలిపితిమో తెలియనిదే అంకెకు అర్థము లేదు.

ధ్వని మట్టమునకును ఇదే న్యాయము. తీగ వెంట మాట యెంత క్షీణించునో లెక్కించుటకు అమెరికా టెలిఫోను ఇంజనీర్లు 1924 ప్రాంతమున నొక కొలమానమును కల్పించి, 1928లో దానికి గ్రాహంబెల్ పేర డెసిబెల్ అని నామకరణము చేసిరి. ఇది కేవలము నిష్పత్తి. 10 డెసిబెల్‌లు పెరిగిన శక్తి పదింతలగును. దీనికి సున్న కావలెను గదా! 1939లో బెల్ ప్రయోగశాలలును, రెండు పెద్ద ప్రసార సంస్థలును కలిసి వి.యు. మీటరును ప్రమాణీకరించినవి. 600 ఓముల నిరోధములో 1 మిల్లీవాటు దానికి ఆధారము. ముల్లు గమ్యమును చేరుటకు సెకనులో మూడు పదవవంతులు పట్టును గనుక, తబలాపై చటుక్కున పడిన దెబ్బను అది పూర్తిగా చూపజాలదు.

దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వాధీనమై, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరెను. అక్కడనైనను, మరెక్కడనైనను స్టూడియో ధ్వనికి రెండు దారులుండును. ఒకటి ప్రసారమునకో, రికార్డింగునకో పోవును. రెండవది ఇంజనీరు వినుటకు మానిటరు స్పీకరునకు వచ్చును. ఈ రెండవ దారిలోని మీటను త్రిప్పినంత మాత్రమున మొదటి దారిలోని ధ్వని మారదు. మీ యింటి కుళాయిని కట్టివేసినంతలో గండిపేట మట్టము పెరుగునా?

అట్లని ఆ మీట నిరపాయకరమనుకొనరాదు. మంద్రధ్వనులు మెల్లగా మ్రోగినప్పుడు చెవికి మరింత పలుచబడి తోచునని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో నిరూపించిరి. స్పీకరును బాగుగా తగ్గించి వినువానికి మృదంగపు తొప్పి నాదము చాలలేదనిపించును. అతడు దానిని హెచ్చించును. శ్రోత యింట అది గుమ్ముమనును. హెచ్చుగా పెట్టుకొని వినువాడు దీనికి విపరీతముగా చేయును. అందువలననే అనుభవజ్ఞులు మీటపై ఒక గుర్తు పెట్టి, నిర్ణయములన్నియు అచ్చటనే చేయుదురు.

నేడు ఈ పనియంతయు కంప్యూటరునకు తగిలించిన చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె చేయుచున్నది. అందలి సున్న మాత్రము వేరు: డిజిటల్ సున్న పైకప్పు వంటిది. వరద వచ్చిన ఎత్తుటకు జలాశయమునకు తలుపులు కలవు గాని దీనికి లేవు. దానిని దాటిన ధ్వని తెగిపోవును. పాత మీటరు సున్నను ఇందు 18 లేక 20 డెసిబెల్‌ల దిగువన ఉంచుట అందుకే.

చెవికిని హద్దు కలదు. పనిచోట 85 డెసిబెల్‌ల మ్రోత 8 గంటలకు మించరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. ప్రతి 3 డెసిబెల్‌లకును ఆ వ్యవధి సగమగును. ఇంటర్‌ఫేస్ వెలుగునప్పుడు స్పీకరులో ఢామ్మను దెబ్బ పుట్టవచ్చును. కనుక స్పీకరును అన్నిటికంటె వెనుక వెలిగింపవలెను, అన్నిటికంటె ముందు ఆర్పవలెను.