క్రిస్మస్ ఇత్తడి డబ్బా: కొన్ని ఇళ్ళల్లో మిగిలింది, కొన్ని ఇళ్ళల్లో మిగల్లేదు

మన ఇళ్ళల్లో రాయని రూల్ ఒకటి ఉంది. బిస్కెట్ డబ్బా మూత తీస్తే లోపల బిస్కెట్లు ఉండకూడదు. సూదులు, దారపు ఉండలు, ఊడిపోయిన గుండీలు, ఎప్పుడో తీయించుకున్న పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఉండాలి. నవ్వకండి, ఈరోజు ఎపిసోడ్ మొత్తం అలాంటి ఒక డబ్బా గురించే. కాకపోతే ఇది ఇత్తడి డబ్బా, వయసు 110 ఏళ్ళు దాటింది. బ్రిటన్‌లో చాలా కుటుంబాలకి ముత్తాత గురించి, ఆయన గడిపిన ఒక క్రిస్మస్ గురించి మిగిలింది ఈ డబ్బానే. దీనికీ మన దేశానికీ లింక్ ఉంది. అసలు నేను ఈ టాపిక్ తీసుకున్నదే ఆ లింక్ కోసం.

1914కి వెళ్దాం. జూలై చివర్లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. క్రిస్మస్‌కల్లా అయిపోతుంది, ఇంటికొచ్చేస్తాం అని చాలామంది అనుకున్నారు. అవ్వలేదు. డిసెంబర్ వచ్చేసరికి ఫ్రాన్స్, బెల్జియంలో రెండు వైపులా సైనికులు ట్రెంచ్‌లలో, అంటే నేలలో తవ్విన కందకాల్లో, మోకాలి లోతు బురదలో ఉన్నారు.

అప్పుడు బ్రిటన్ రాజు ఐదో జార్జ్ కూతురు మేరీకి 17 ఏళ్ళు. ఇంటర్ సెకండియర్ వయసు. యుద్ధంలో ఉన్నవాళ్ళందరికీ క్రిస్మస్ కానుక పంపాలి, ఆ ఖర్చు తన సొంత డబ్బుతో పెట్టుకోవాలి అనుకుంది. అది అయ్యే పని కాదని పెద్దవాళ్ళు చెప్పి, అక్టోబర్‌లో ఆమె పేరు మీద ఒక ఫండ్ పెట్టారు. ఈరోజుల్లో క్రౌడ్ ఫండింగ్ అంటాం కదా, అదే. జనం 1,62,000 పౌండ్లకు పైగా ఇచ్చారు.

ఆ డబ్బుతో చేయించిందే ఈ డబ్బా. సుమారు 13 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం. జేబులో పట్టేస్తుంది. మూత మీద మధ్యలో మేరీ ముఖం, చుట్టూ మిత్ర దేశాల పేర్లు. లోపల పొగాకు, సిగరెట్లు, పైపు, లైటర్, క్రిస్మస్ కార్డు, రాకుమారి ఫోటో. సిగరెట్ అలవాటు లేనివాళ్ళకి పుల్లటి బిళ్ళలు, ఉత్తరాలు రాసుకోవడానికి కాగితాలు, కవర్లు, పెన్సిల్. నర్సులకి చాక్లెట్.

లిస్టులో ఇంకో పేరు కూడా ఉంది. అప్పటికే యుద్ధంలో చనిపోయినవాళ్ళ భార్యలు, తల్లిదండ్రులు. వాళ్ళకీ డబ్బా ఇచ్చారు. ఆ ఇంట్లో ఆ సంవత్సరం క్రిస్మస్ ఎలా ఉండి ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత డబ్బులు మిగలడంతో, ఆ క్రిస్మస్ రోజున యూనిఫాంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని నిర్ణయించారు. లెక్క 25 లక్షలు దాటింది. ఇత్తడేమో తూటాలకీ గుళ్ళకీ కావాలి, దొరకట్లేదు. ఈ డబ్బాల కోసం అమెరికా నుంచి వస్తున్న ఇత్తడిలో కొంత 1915 మే 7న లూసిటేనియా ఓడతో పాటు సముద్రంలో మునిగిపోయింది. అందుకే కొంతమందికి క్రిస్మస్ కానుక అందేసరికి యుద్ధమే ముగిసిపోయింది.

సరే, డబ్బాలోని సిగరెట్లు రెండు రోజుల్లో అయిపోతాయి. డబ్బా మిగులుతుంది. గట్టి మూత, లోపలికి తడి రాదు. చాలామంది అందులో ఫోటోలు, ఉత్తరాలు దాచుకున్నారు. ఇంకొంతమంది ఖాళీ డబ్బాని పోస్టులో ఇంటికి పంపించేశారు. అక్కడ అది అలమరాలోకి చేరింది. తర్వాత అందులోకి పతకాలు వచ్చాయి, గుండీలు వచ్చాయి, కొన్ని ఇళ్ళల్లో చావు కబురు తెచ్చిన టెలిగ్రామ్ కూడా వచ్చింది.

అదే 1914 డిసెంబర్‌లో జరిగిన ఇంకో సంగతి మీలో చాలామందికి తెలుసు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి జర్మన్లు ట్రెంచ్‌ల మీద చిన్న చిన్న క్రిస్మస్ చెట్లు, కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడారు. ఇటువైపు నుంచి వీళ్ళూ పాడారు. పొద్దున్నే చాలాచోట్ల రెండు వైపులవాళ్ళూ బయటికొచ్చి చేతులు కలిపారు, సిగరెట్లు, గుండీలు మార్చుకున్నారు, మధ్యలో పడి ఉన్న శవాలను పూడ్చుకున్నారు. అన్నిచోట్లా కాదు, కొన్నిచోట్ల ఆ రోజు కూడా కాల్పులు ఆగలేదు. పై అధికారులకు ఇది అస్సలు నచ్చలేదు, 1915లో మళ్ళీ జరగకూడదని ముందే ఆర్డర్లు ఇచ్చారు.

మరి ఇది మనకెలా తెలిసింది? ముఖ్యంగా ఉత్తరాల వల్ల. సైనికులు అమ్మకి, నాన్నకి, భార్యకి ఉత్తరాలు రాశారు. ఇంటివాళ్ళు వాటిని ఊళ్ళో పత్రికకి ఇచ్చారు, పత్రికలు అచ్చేశాయి. ఆ తర్వాత ఉత్తరాల్ని దాచుకున్నారు. ఈరోజు మనం సినిమాల్లో చూసే ఆ క్రిస్మస్ సంధి కథ చాలావరకు ఇళ్ళల్లోని ఉత్తరాల కట్టల నుంచి వచ్చిందే.

ఇప్పుడు మన లింక్ దగ్గరికి వద్దాం.

ఆ బురదలో భారతీయులు కూడా ఉన్నారు. 1914 సెప్టెంబర్ చివర్లో ఇండియన్ కోర్ మార్సెయ్ రేవులో దిగింది. సిక్కులు, పంజాబీ ముస్లింలు, పఠాన్లు, గఢ్వాలీలు, డోగ్రాలు, గూర్ఖాలు. డిసెంబర్ 20 నుంచి జివాన్షీ దగ్గర పెద్ద దాడిని ఎదుర్కొని చాలామంది చనిపోయారు. క్రిస్మస్ రోజున గఢ్వాల్ రైఫిల్స్‌వాళ్ళు కొందరు జర్మన్లని మధ్యలో కలిశారు కూడా. అంటే ఆ సంధిలో మనవాళ్ళూ ఉన్నారు.

వీళ్ళకీ రాకుమారి కానుక వచ్చింది. కాకపోతే లోపలి సరుకు వేరు. గూర్ఖాలకి బ్రిటిష్ సైనికులకి ఇచ్చిందే ఇచ్చారు. సిక్కులు పొగాకు ముట్టరు కాబట్టి పటికబెల్లం, మసాలా దినుసులు. మిగతా భారతీయులకి సిగరెట్లు, పటికబెల్లం, మసాలా దినుసులు. నీళ్ళు మోసే భిస్తీలు, అలాంటి పనివాళ్ళకి మసాలా దినుసులు, కార్డు, అంతే. ఒకవైపు, ఎవరి అలవాటేంటో కనుక్కుని మరీ పంపారు, అది మెచ్చుకోవాల్సిన మాటే. ఇంకోవైపు, అదే గుళ్ళ వర్షంలో ట్రెంచ్ దాకా నీళ్ళు మోసినవాడి కానుక అందరికంటే చిన్నది. రెండూ నిజాలే.

మరి వీళ్ళ ఉత్తరాలు ఏమయ్యాయి?

వీళ్ళలో చాలామందికి చదువు రాదు. రాయడం వచ్చిన తోటి సైనికుడికి చెప్పి రాయించుకునేవాళ్ళు. ఊళ్ళో చదవడం వచ్చినవాళ్ళు ఎవరో ఇంటివాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు. మధ్యలో ఫ్రాన్స్‌లోనే ఒక సెన్సార్ ఆఫీసు ఉండేది. అక్కడ ఉత్తరాలు విప్పి చదివి, ముఖ్యమనుకున్న ముక్కల్ని ఇంగ్లీషులోకి మార్చి, పైవాళ్ళకి రిపోర్టులు పంపేవాళ్ళు. ఇది సైనికులకీ తెలుసు. అందుకే కోడ్ వాడారు. నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరపకాయలు అంటే తెల్లవాళ్ళు. మిరియాలు అయిపోతున్నాయని రాస్తే, మనవాళ్ళు చచ్చిపోతున్నారని అర్థం. దాన్ని కూడా సెన్సార్‌వాళ్ళు పట్టేశారు, అందుకే అది ఇవాళ మనకి తెలుసు.

ఒక్క నిమిషం ఆగి దీని గురించి ఆలోచించండి. ఆ అసలు ఉత్తరాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి ఆ సెన్సార్ రిపోర్టులు. అంటే, బ్రిటిష్ సైనికుడి మాటని అతని తల్లి దాచింది. మన సైనికుడి మాటని చాలావరకు అతని మీద నిఘా పెట్టిన ఆఫీసు దాచింది. అతని భాషలో కాదు, ఇంగ్లీషులో. మొత్తం కాదు, వాళ్ళకి పనికొచ్చిన ముక్క మాత్రమే.

ఇంటివాళ్ళకి ప్రేమ లేక కాదండి. చదవడం రాని ఇంట్లో కాగితానికి చెద పట్టినా అందులో ఏముందో గుర్తుచేసేవాళ్ళు ఉండరు. ఫ్రాన్స్‌లో నవ్ షపెల్ దగ్గర 1927లో ఒక స్మారకం కట్టారు. సమాధి ఎక్కడుందో తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడున్నాయి. పేర్లున్నాయి. ఆ మనిషి నవ్వు ఎలా ఉండేది, ఆ చలిలో పటికబెల్లం ముక్క నోట్లో వేసుకుని ఏమనుకున్నాడు, అది రాయి మీద ఉండదు.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. ఆ ఇత్తడి డబ్బాలు ఈరోజు ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి పేరు ఉండదు. ఎవరిది, ఏ ఊరు, తిరిగొచ్చాడా లేదా, ఏదీ తెలియదు. డేటా ఉంది, మెటాడేటా పోయింది. అప్పుడది పాత ఇత్తడి, అంతే. అదే డబ్బా మీద ఇది మా తాత గారిదని ఒక్క చీటీ ఉంటే, అది ఒక మనిషి.

మన ఫోన్లలో వేల ఫోటోలున్నాయి. క్రిస్మస్‌కి ఇంటి మీద కట్టిన స్టార్, తెల్లవారుజామున చర్చికి బయల్దేరే ముందు తీసిన గ్రూప్ ఫోటో, లేదా మీ ఇంట్లో ఏ పండగ చేసుకుంటే ఆ పండగ. ఆ ఫోటోలో మూలన నిలబడ్డ పెద్దావిడ పేరు మీకు తెలుసా? మీ తర్వాతివాళ్ళకి తెలుస్తుందా? ఈ వారం ఒక్క పని చేయండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నప్పుడు పండగకి ఏం చేసేవాళ్ళో అడిగి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. వాళ్ళ యాసలో, వాళ్ళ మాటల్లోనే. ఫైల్‌కి వాళ్ళ పేరు, ఊరు, తేదీ పెట్టండి. పది నిమిషాల పని.

మన ఇంటి కథని మనమే దాచుకుందాం, ఇంకెవరి రిపోర్టులోనో వెతుక్కునే పరిస్థితి మన మనవలకి రాకూడదు. ఆ రికార్డింగ్‌లో మీరు మొదటిసారి విన్న సంగతి ఏంటో కింద కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.