కంప్యూటరు వేడిమి: నీరు, గాలి, పంకా

ఆటల కొరకు కొందరు ప్రత్యేకముగా కూర్చుకొను కంప్యూటరు పెట్టెను తెరచి చూచినచో, అందొక చిన్న నీటి ఏర్పాటు కానవచ్చును. గణనము చేయు చిప్పుల మీద రాగి పలకలు, వాని గుండ నీటిని నడిపించు గొట్టములు, ఆ నీటిని త్రిప్పుటకొక చిన్న పంపు, పెట్టె అంచున మోటారుకారు రేడియేటరును పోలిన పలుచని రేడియేటరు ఉండును. ఇంత ఏర్పాటు ఉన్నను ఆ రేడియేటరునకు వరుసగా మూడో, ఆరో పంకాలు బిగించియుండును. కొన్నాళ్లకు యజమాని ఆ పంకాలను ఊడదీసి, వానికంటె మేలైనవానిని తెచ్చి బిగించుటయు కలదు. నీరు చల్లబరచుచుండగా పంకాలతో పనియేమి? వానిని మార్చినంత మాత్రమున కలుగు లాభమేమి?

ఈ రెండు ప్రశ్నలకును జవాబు ఒక్కటే. నీరు వేడిమిని మోయగలదే గాని దానిని హరింపజాలదు. మోసికొని వచ్చిన వేడిమిని ఎచ్చటనో దింపవలెను. ఇంటిలోని కంప్యూటరునకు ఆ దించుచోటు గదిలోని గాలియే. కంప్యూటరుల చరిత్రలో ఈ విషయము ప్రతి తరమునను క్రొత్త రూపమున ఎదురగుచునే వచ్చినది.

విద్యుత్తు వెంట వేడిమి

విద్యుత్ప్రవాహము పోవు తీగ వేడెక్కుననియు, ఆ వేడిమి తీగ యొక్క నిరోధమునకును ప్రవాహపు వర్గమునకును అనుపాతములో ఉండుననియు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించెను. ఇస్త్రీపెట్టెలో ఈ వేడిమియే మనకు కావలసినది. కంప్యూటరులో అది అక్కరకు రాదు. విద్యుత్ మోటారు బావి నీటిని తోడును, పిండిని విసరును. కంప్యూటరు అట్టి పని ఏదియు చేయదు. కావున అది తీసికొన్న విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు వేడిమిగా మారి గదిలోనికే చేరును. 500 వాట్లు తీసికొను కంప్యూటరు, గదిని వేడిచేయు విషయమున 500 వాట్ల హీటరుతో సమానము.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో ఎనియాక్ అను యంత్రమును ప్రజలకు చూపిరి. అందు రేడియో వాల్వుల వంటివి సుమారు 18,000 ఉండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనెడిది. అనగా 1 కిలోవాటు హీటర్లు నూటయేబదింటిని ఒకే గదిలో వెలిగించి ఉంచినట్లు! ఆ వేడిమిని వెడలగొట్టుటకు పెద్ద బ్లోయర్లను అమర్చిరి. యంత్రపు లోపలి వేడి మితిమీరినచో విద్యుత్తు దానంతటదియే ఆగిపోవునట్లు థర్మోస్టాట్లను కూడ ఏర్పరచిరి. కంప్యూటరుతో పాటే దానిని చల్లబరచు ప్రయత్నమును పుట్టినదని చెప్పవచ్చును.

1951లో అమెరికా జనగణన శాఖకు అందిన యూనివాక్ యంత్రములో నీరు ప్రవేశించెను. అయితే ఆ నీరు వాల్వులను తాకలేదు. చల్లని నీరు ప్రవహించు గొట్టములు గాలిని చల్లబరచగా, బ్లోయర్లు ఆ గాలిని వాల్వుల మీదికి తోలెడివి. నీరు, గాలి కలిసి పనిచేయు పద్ధతి ఇట్లు మొదలయ్యెను.

మోటారుకారు నేర్పిన పాఠము

ఇట్టి చిక్కును మోటారుకారు అంతకు అర్ధశతాబ్దము ముందే ఎదుర్కొనెను. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన తొలి కారులో నీరు మరిగి ఆవిరియై పోవుటచే ఇంజను చల్లబడెడిది. అందువలన దారిలో మాటిమాటికి నీరు పోయవలసి వచ్చెడిది. 1900లో జర్మనీలోని డైమ్లర్ కర్మాగారమున విల్‌హెల్మ్ మైబాఖ్, తేనెపట్టును పోలిన రేడియేటరును రూపొందించెను. అందు చిన్న చదరపు గొట్టములు 8,070 ఉండెను. గొట్టముల లోపల గాలియు, వాని చుట్టును నీరును ప్రవహించెడివి. నీటినుండి గాలికి వేడిమి దిగు తలము ఎన్నో రెట్లు పెరుగుటచే కొద్దిపాటి నీరే చాలెను.

కారు మెల్లగా పోవునపుడు ఆ సన్నని గొట్టములలో గాలి చాలినంత ఆడదు. అందుకై మైబాఖ్ రేడియేటరు వెనుక ఒక పంకాను అమర్చెను. నేటి కంప్యూటరులోని రేడియేటరు, పంకాల జంట ఈ వంశమునకు చెందినదే.

నీరు వచ్చుట, పోవుట, మరల వచ్చుట

నీటి బలమెట్టిదో అంకెలు చెప్పును. ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను 1 డిగ్రీ పెంచుటకు సుమారు 4,190 జౌలుల వేడిమి కావలెను. ఒక లీటరు గాలికి సుమారు 1.2 జౌలులు చాలును. ఒకే ఘనపరిమాణమున నీరు గాలికంటె సుమారు 3,500 రెట్లు వేడిమిని మోయగలదన్నమాట.

1947లో ట్రాన్సిస్టరు, 1958లో సమగ్ర వలయము పుట్టిన పిదప ఒక్కొక్క భాగము తీసికొను విద్యుత్తు తగ్గెను. కాని భాగములు మరింత దగ్గరగా చేరుటచే చదరపు సెంటీమీటరునకు వెలువడు వేడిమి పెరుగజొచ్చెను. 1967లో ఐబీఎం సంస్థ అందించిన సిస్టం 360 మోడల్ 91 యంత్రమున గాలి పోవు దారి నడుమ నీటి గొట్టములు ఉంచి, వేడెక్కిన గాలిని మధ్యమధ్య చల్లబరచిరి. 1976లో లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరిన క్రే-1 యంత్రము సుమారు 115 కిలోవాట్లు తీసికొనెడిది. దానికి శీతలయంత్రములలో వాడు ఫ్రియానును గొట్టములలో నడిపిరి. 1980లో ప్రకటింపబడిన ఐబీఎం 3081లో వందకు పైగా చిప్పులను ఒకే మూసలో చేర్చి, ప్రతి చిప్పును ఒక చిన్న లోహపు కడ్డీ స్ప్రింగు బలముతో తాకునట్లు చేసి, పైన నీరు ప్రవహించు చల్లని పలకను బిగించిరి.

ఇన్నింటిలోను వేడిమి ఎటు పోయెను? కంప్యూటరు గదినుండి నీటితో భవనపు వెలుపలికి పోయి, అచ్చట పెద్ద పంకాల వలనను, శీతలీకరణ గోపురముల వలనను గాలిలో కలిసెను. పాల్వంచ వద్దనున్న కొత్తగూడెము థర్మల్ విద్యుత్ కేంద్రపు గోపురములు చేయు పనియు ఇదియే. నీరు ఎంత దూరము మోసినను, తుది మెట్టు గాలిదే.

1990 తరువాత సీమాస్ అను పొదుపైన ట్రాన్సిస్టరు పద్ధతి పెద్ద యంత్రములలోనికి వచ్చుటచే వేడిమి తగ్గి, నీటి గొట్టములు చాలవరకు అదృశ్యమయ్యెను. ఆ ఊరట నిలువలేదు. 2008లో ఐబీఎం పవర్ 575 యంత్రముతో నీటిని మరల తెచ్చెను. 2012లో జర్మనీలోని మ్యూనిక్ సమీపమున నెలకొల్పిన సూపర్‌ఎంయూసీ యంత్రమున సుమారు 40 డిగ్రీల గోరువెచ్చని నీటితోనే చిప్పులను చల్లబరచిరి. చిప్పు అంతకంటె వేడిగా ఉండును గనుక ఆ నీరు చాలును. పైగా ఆ నీరు మోసిన వేడిమితో చలికాలమున భవనములను వెచ్చపరచుటకు వీలయ్యెను.

ఇంటి కంప్యూటరు

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరు మొత్తమునకు 63.5 వాట్ల విద్యుత్ సరఫరా చాలెను. దాని చిప్పునకు పంకా లేదు. విద్యుత్ సరఫరా పెట్టెలోని చిన్న పంకాయే అంతటికిని సరిపోయెను. 1993లో వచ్చిన పెంటియం చిప్పు ఒక్కటియే సుమారు 15 వాట్లు తీసికొనెను. అప్పటినుండి చిప్పు మీద లోహపు రెక్కలు, వాని మీద పంకా ఉండుట మామూలయ్యెను.

1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఏ అను చవుక చిప్పును విడుదల చేసెను. నియమించిన 300 మెగాహెర్ట్‌జుల వేగమును మించి 450 మెగాహెర్ట్‌జుల వద్ద దానిని పలువురు నడిపించిరి. వేగము పెరిగినకొలది వేడిమియు పెరుగును. ఆ ఔత్సాహికులు పాత కార్లలో లోపలి భాగమును వెచ్చపరచు చిన్న రేడియేటర్లను, చేపల తొట్టి పంపులను, తమ చేతులతో మలచుకొన్న రాగి పలకలను చేర్చి నీటి ఏర్పాట్లు చేసికొనిరి. మైబాఖ్ రేడియేటరు నూరేండ్లకు ఇట్లు బల్ల మీది కంప్యూటరును చేరెను.

2004 నాటికి వేడిమి కంప్యూటరు గమనమునే మార్చివేసెను. ఆ యేడు ఆపిల్ సంస్థ తన పవర్ మాక్ జీ5 లో ఒక నమూనాకు కర్మాగారమునందే ద్రవ శీతలీకరణమును అమర్చెను. అదే యేడు అక్టోబరులో ఇంటెల్ 4 గిగాహెర్ట్‌జుల పెంటియం 4 ను తెచ్చు యత్నమును విరమించెను. వేగమును పెంచుచు పోవు దారిని వేడిమి అడ్డగింపగా, తయారీదారులు ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది గణన భాగములను చేర్చు దారి పట్టిరి. ఆటలలో దృశ్యములను చిత్రించు గ్రాఫిక్స్ కార్డుల ఆకలి మాత్రము తగ్గలేదు. 2025 జనవరిలో విడుదలయిన ఎన్‌విడియా సంస్థ కార్డు ఒకటి 575 వాట్ల వరకు తీసికొనును. 1981 నాటి కంప్యూటరు సరఫరాకు ఇది తొమ్మిది రెట్లు.

పంకాను మార్చుటలోని శాస్త్రము

ఒక నీటి కంప్యూటరులో 600 వాట్ల వేడిమి వెలువడుచున్నదనుకొందము. పంపు నిమిషమునకు 4 లీటర్ల నీటిని త్రిప్పుచున్నది. లెక్కవేసినచో, రేడియేటరులోనికి పోవు నీటికిని, తిరిగివచ్చు నీటికిని భేదము 2 డిగ్రీలకు కొంచెము పైన మాత్రమే. ఇక గాలిని చూడుడు. మూడు పంకాలు కలిసి గంటకు 150 ఘనమీటర్ల గాలిని తోలుచున్నవనుకొన్నచో, ఆ గాలి రేడియేటరును దాటుసరికి సుమారు 12 డిగ్రీలు వేడెక్కును. గది 30 డిగ్రీలున్నచో వెడలు గాలి 42 డిగ్రీలు. గాలికి వేడిమినిచ్చు నీరు అంతకంటె వేడిగా ఉండవలెను గదా! ఇచ్చట మందముగా నడచునది నీరు కాదు, గాలి. పంపును రెట్టింపు చేసిన లాభము స్వల్పము. గాలిని రెట్టింపు చేసిన, దాని వేడి 12 డిగ్రీలనుండి 6 డిగ్రీలకు దిగును.

అయినచో పంకా వేగమును రెట్టింపు చేసిన చాలదా? చాలును గాని వెల ఎక్కువ. వేగము రెట్టింపయిన గాలి రెట్టింపగును, పీడనము నాలుగు రెట్లగును, పంకా తీసికొను విద్యుత్తు ఎనిమిది రెట్లగును. చప్పుడు సుమారు 15 డెసిబెల్లులు పెరుగును. కావున పంకాను మార్చువారు కోరునది అదే వేగమున, అదే చప్పుడుతో మరింత గాలిని తోలగల రెక్కలు.

రేడియేటరునకు మరియొక లక్షణము కావలెను. ఖాళీ స్థలమున విరివిగా గాలి వీచు పంకా, దగ్గరదగ్గరగా ఉన్న రేడియేటరు రెక్కల యెదుట నీరసించిపోవచ్చును. అడ్డంకిని దాటి గాలిని త్రోయుటకు పీడనము కావలెను. ఇందుకై రెక్కలను వెడల్పుగా చేయుదురు. రెక్కల కొనకును, చుట్టునున్న చట్రమునకును నడుమ సందును తగ్గింతురు. సందు పెద్దదైనచో త్రోసిన గాలి దానిగుండ వెనుకకు జారిపోవును. 2018లో ఆస్ట్రియాకు చెందిన నాక్టువా సంస్థ 120 మిల్లీమీటర్ల పంకా ఒకదానిలో ఈ సందును 0.5 మిల్లీమీటరునకు తగ్గించెను. ఏండ్ల తరబడి తిరుగు రెక్కలు మామూలు ప్లాస్టిక్కువైనచో క్రమముగా సాగి చట్రమును ఒరయవచ్చును. అందుచే సాగని గట్టి పాలిమరుతో వానిని చేసిరి.

మోటారులోను మార్పు వచ్చెను. ఒరయుచు అరుగు బ్రష్షులకు మారుగా ట్రాన్సిస్టర్లే ప్రవాహమును త్రిప్పునట్టి మోటారును 1962లో విల్సన్, ట్రికీ అను ఇంజనీర్లు వివరించిరి. నేటి కంప్యూటరు పంకాలన్నియు ఈ జాతివే. నాలుగు తీగల పంకాలకు సెకనుకు 25,000 సంజ్ఞలు అందుచుండును. వాని నిడివిని మార్చుచు, నీటి వేడిని బట్టి వేగమును పెంచవచ్చును, తగ్గింపవచ్చును. వేడిమి తక్కువగా ఉన్నపుడు పంకా మెల్లగా, నిశ్శబ్దముగా తిరుగును.

కుండకును రేడియేటరునకును భేదము

ఇచ్చట విద్యార్థులకొక సందేహము కలుగవచ్చును. వేసవిలో మట్టికుండలోని నీరు గదికంటె చల్లగా ఉండును గదా, కంప్యూటరు నీరు అట్లేల చల్లబడదు? కుండ గోడలనుండి కొంత నీరు చెమ్మగా ఊరి ఆవిరియగును. ఆవిరగుటకు కావలసిన వేడిమిని మిగిలిన నీటినుండియే తీసికొనును. వట్టివేళ్ల కూలరు పద్ధతియు ఇదియే. కంప్యూటరులోని నీరు మూసిన గొట్టములలో తిరుగును. ఆవిరియగుటకు దానికి దారి లేదు. కావున ఎంత మేలైన పంకా అయినను ఆ నీటిని గది ఉష్ణోగ్రతకంటె క్రిందికి దింపజాలదు. మే నెలలో గది 38 డిగ్రీలున్నచో, పై లెక్కలోని గాలి 50 డిగ్రీలతో వెడలును. చిప్పు వేడి హద్దు మీరినచో తన్ను తాను కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. ఎంతో వెల పెట్టి కొన్న వేగము అట్లు వ్యర్థమగును. రేడియేటరు రెక్కలలో దుమ్ము పేరుకొన్నచో గాలి మరింత తగ్గును. క్రొత్త పంకా కొనుటకు ముందు దుమ్ము తుడిచి చూచుట మేలు.

ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో చేయింపవచ్చును. 600 వాట్లకు బదులు 300 వాట్లను, 150 ఘనమీటర్లకు బదులు 250 ఘనమీటర్లను తీసికొని, వెడలు గాలి ఎంత వేడెక్కునో విద్యార్థులచే కనుగొనజేయవచ్చును. విశిష్టోష్ణము, ఘనపరిమాణము, సామర్థ్యము అను మూడు పాఠములు ఒకే లెక్కలో కలియును. ఎనియాక్ బ్లోయరునుండి నేటి 120 మిల్లీమీటర్ల పంకా వరకు యంత్రములు ఎంత మారినను, ఈ లెక్క మాత్రము మారలేదు.