ఎడారి వెలుగు, ఛాయాచిత్రము

1867లో క్లారెన్స్ కింగ్ సర్వేదళముతో అమెరికాలోని నెవాడాకు వెళ్లిన తిమోతి ఓసల్లివాన్, కార్సన్ ఎడారి ఇసుకతిన్నెలను ఛాయాచిత్రముగా తీసెను. అందు కంచరగాడిదలు పూన్చిన బండి యొకటి కానవచ్చును. అదియే ఆయన చీకటిగది. దానినుండి కెమెరావైపు సాగిన అడుగుజాడలును తిన్నెపై నున్నవి.

ఆనాడు గాజుపలకకు కొలోడియన్ పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి కడుగవలసి యుండెడిది. ఎడారి యెండ ఆ గడువును మరింత తగ్గించెడిది. అంతకు మించిన లోపము వేరొకటి కలదు. ఆ పలక నీలికాంతికి అతిగా స్పందించి, ఎరుపు పసుపులను దాదాపు గ్రహింపకుండెడిది. అందుచేత ఆకాశము తరచు మేఘములతో సహా తెల్లగా మిగిలెడిది. సంధ్యవేళ తిన్నెల యరుణిమ దానికి అందలేదు.

1907లో లూమియేర్ సోదరుల ఆటోక్రోమ్ పలకలు విక్రయమునకు వచ్చిన పిదప రంగుల చిత్రణకు బాట యేర్పడెను. 1983లో రాజస్థానమున స్టీవ్ మెక్కరీ తీసిన చిత్రమున, దుమ్ముతుపానులో గుమిగూడిన స్త్రీల యెర్రని వస్త్రములును, ధూళి నిండిన గాలి వన్నెయు నిలిచినవి. వానలకు ముందటి ఋతువు అందు కనుపించును.

కావున పాత చిత్రములలోని శూన్యాకాశము ఎడారి స్వభావముకన్న పలక పరిమితినే ఎక్కువగా తెలుపును. చిత్రమును చారిత్రకాధారముగా గైకొనువారు, అది చూపినదానితోపాటు చూపజాలనిదానిని గూడ విచారింపవలెను.