కడుపు నొప్పి చెప్పే చరిత్ర: బరువు తగ్గించే శస్త్రచికిత్సలు, ఉద్దానం మూత్రపిండాలు



స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరినవారు తొలి వారాలలో తరచుగా చెప్పే బాధలు రెండు: కడుపు నొప్పి, మలబద్ధకం. విశాఖపట్నంలో శస్త్రచికిత్స చేయించుకొని పలాసకో, టెక్కలికో, సోంపేటకో తిరిగి వచ్చినవారికి అర్ధరాత్రి కడుపులో మెలిపెట్టినట్లయితే, అందుబాటులో ఉండేది ఆ శస్త్రవైద్యుడు కాదు, వీధి చివరి మందుల షాపు. అక్కడ అడిగి తెచ్చుకొనే రెండు మందులు, ఒకటి నొప్పికి, మరొకటి విరేచనానికి, ఉద్దానం మనిషికి ఎందుకు ప్రమాదమో చెప్పడానికే ఈ వ్యాసం. ఆ సంగతి సరిగా తెలియాలంటే మనం డెబ్బై ఏళ్ళు వెనక్కు వెళ్ళాలి.

1954లో అమెరికాలోని మినెసోటాలో క్రెమెన్, లిన్నర్ అనే వైద్యులు చిన్నప్రేగులో చాలా భాగాన్ని ఆహార మార్గం నుండి తప్పించి, పై కొసను కింది కొసకు కలిపే పద్ధతిని వెల్లడించారు. తిన్నది ఒంటికి పట్టదు గనుక బరువు తగ్గుతుంది. ఆలోచన సరళమే. కాని ఆనాటి రోగుల బాధ మలబద్ధకం కాదు, ఎడతెగని విరేచనాలు. అంతకన్నా పెద్ద ముప్పు కంటికి కనబడకుండా వచ్చింది. జీర్ణం కాని కొవ్వు ప్రేగులలోని కాల్షియంను పట్టుకొనేది. మామూలుగా ఆ కాల్షియం ఆహారంలోని ఆక్సలేట్‌ను బంధించి మలంతో బయటకు పంపాలి. కాల్షియం కరువైనందున ఆక్సలేట్ రక్తంలో చేరి, మూత్రపిండాలలో రాళ్ళుగా పేరుకొనేది. కొందరికి కాలేయం, మరికొందరికి మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయి. 1980 నాటికి వైద్యలోకం ఈ పద్ధతిని దాదాపుగా విడిచిపెట్టింది.

రెండవ అధ్యాయం అయోవాలో మొదలైంది. పుండ్ల కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తీసివేయించుకొన్న స్త్రీలు మళ్ళీ బరువు పెరగకపోవడాన్ని గమనించిన డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్, తన సహచరుడు ఇటోతో కలిసి, 1967లో గ్యాస్ట్రిక్ బైపాస్‌ను ప్రకటించారు. జీర్ణాశయాన్ని చిన్న సంచిగా మార్చి నేరుగా ప్రేగుకు కలపడం ఇందులోని కీలకం. 1977లో గ్రిఫెన్ దీనికి, స్విట్జర్లాండ్ వైద్యుడు సెజార్ రూ 19వ శతాబ్దం చివర రూపొందించిన ఇంగ్లీషు 'వై' అక్షరం ఆకారపు కూర్పును జతచేశారు. నేటి బైపాస్‌కు అదే పునాది.

1993లో విట్‌గ్రోవ్, క్లార్క్ దీనినే చిన్న రంధ్రాల ద్వారా, లాప్రోస్కోపీతో చేసి చూపారు. గాయం చిన్నది, కోలుకోవడం త్వరితం. అయితే ఈ మేలుతోపాటు ఒక కొత్త కష్టం వచ్చింది. పెద్ద కోత పెట్టిన రోజులలో లోపల అవయవాలు కొంత అతుక్కొని ప్రేగును కదలనిచ్చేవి కావు. ఇప్పుడు ఆ అతుకులు తక్కువ. బరువు తగ్గేకొద్దీ ప్రేగులను పట్టి ఉంచే పొరలలోని కొవ్వు కూడా కరిగి, వాటి మధ్య ఖాళీలు పెద్దవవుతాయి. ప్రేగు ఆ ఖాళీలోకి దూరి మెలితిరగవచ్చు. దీనినే అంతర్గత హెర్నియా అంటారు. ఇలాంటి ఒక ఖాళీని జర్మన్ వైద్యుడు పీటర్సన్ 1900లోనే వర్ణించారు. నేటికీ దానికి ఆయన పేరే.

ఈ హెర్నియా శస్త్రచికిత్స జరిగిన ఏడాదికో, రెండేళ్ళకో రావచ్చు. తిన్న తరువాత మెలిపెట్టే నొప్పి వచ్చి, తనంతట తానే తగ్గి, మళ్ళీ వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. "మలబద్ధకమే, గ్యాసే" అనుకొని ఊరుకొంటే ప్రేగు కుళ్ళిపోయే ప్రమాదం ఉంది.

ఇక నేడు ఎక్కువగా చేస్తున్న స్లీవ్ శస్త్రచికిత్స మొదట భారీకాయులకు రెండు దశల చికిత్సలో తొలి మెట్టు. అదొక్కటే చాలినంత బరువు తగ్గిస్తోందని తేలాక స్వతంత్ర చికిత్సగా నిలిచింది. జీర్ణాశయం ఇందులో సన్నని గొట్టంలా మిగులుతుంది. తినేది తక్కువ, తాగేది ఇంకా తక్కువ. దానికి తోడు శస్త్రచికిత్స నాటి గట్టి నొప్పి మందులు, తరువాత ఇచ్చే ఇనుము, కాల్షియం బిళ్ళలు. అందువల్లనే విరేచనాల బాధ పోయి, మలబద్ధకం వచ్చింది. తొలి వారాలలో రెండు మూడు రోజులకొకసారి మలవిసర్జన జరగడం వింత కాదు. గుక్కెడు గుక్కెడుగా రోజంతా నీరు తాగడం, నడక, వైద్యుడు చెప్పిన మందు చాలావరకు సరిపోతాయి.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కూల్చిందో మీకు చెప్పనక్కరలేదు. దాని మూలకారణం నేటికీ నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజున ఉద్దానానికి తాగునీటి పథకమూ మొదలైంది. ఈ వ్యాధి చాలాకాలం ఏ బాధా లేకుండానే ముదురుతుంది. కనుక ఇక్కడివారు తమ మూత్రపిండాలు బాగున్నాయని పరీక్ష లేకుండా అనుకోరాదు.

అందుకే ఆ రెండు మందుల మాట. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్ళలు బైపాస్ తరువాత జీర్ణాశయం, ప్రేగు కలిపిన చోట పుండు కలిగిస్తాయి. నీరు తక్కువ తాగుతున్న శరీరంలో మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ మేలు. ఇక విరేచనానికి తాగే మెగ్నీషియం మందులు, ఫాస్ఫేట్ ద్రావణాలు బలహీనమైన మూత్రపిండాలకు హాని. లాక్టులోజ్ వంటివి అడగండి, అదీ మీ వైద్యుని సలహాతోనే.

ఆహారంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పలాస జీడిపప్పు మనకు గర్వకారణం, కాని అందులో ఆక్సలేట్ ఎక్కువ. బైపాస్ అయినవారిలో ఆక్సలేట్ ఒంటికి ఎక్కువగా పడుతుంది. 1954 నాటి పద్ధతి నేర్పిన పాఠం ఇక్కడ పనికివస్తుంది: జీడిపప్పు మితంగా తినాలి, కాల్షియం బిళ్ళ మానరాదు. కొబ్బరి నీళ్ళు దాహానికి మంచివే. కాని మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అందులోని పొటాషియం ప్రమాదం.

శస్త్రచికిత్సకు ముందే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకొని, ఆ కాగితాలను శస్త్రచికిత్స వివరాలతో కలిపి ఒకే కవరులో ఉంచండి. తొలి వారాలలో జ్వరం, ఆగని గుండెదడ, ఎడమ భుజంలోకి పాకే నొప్పి ఉన్నా, ఎప్పుడైనా ఆగని వాంతులు, మలంతోపాటు వాయువు కూడా ఆగిపోవడం, నల్లని మలం, మెలిపెట్టి మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పి కనబడినా, తెల్లవారేదాకా ఆగకండి. ఆ కవరు తీసుకొని సీటీ స్కాన్, శస్త్రవైద్యులు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. ఏ రకం శస్త్రచికిత్స, ఎప్పుడు జరిగింది అన్న రెండు మాటలు అక్కడి వైద్యునికి మొదటే చెప్పండి. అవి తెలిస్తేనే ఆయన ఈ నొప్పిని మామూలు కడుపు నొప్పిగా చూడకుండా, వెతకవలసిన చోట వెతుకుతారు.